ఎస్తేరమ్మ బొటనవేలు

ఫిబ్రవరి 1, ఆదివారం

జడ్సనూ, ఈ క్షణాన దేవుడు నీ ఎదుట నిలబడి నీ కుడిచెయ్యి చూపించమంటే చూపించగలవా?

చూపించగలను. ఇవాళ చూపించాను కూడా. ప్రార్థన మందిరంలో పంతొమ్మిది కుటుంబాల ముందు బొటనవేలు పైకెత్తి, ఇది నన్ను చేసినవాడిది, ఏ యంత్రానికీ ఇవ్వను అన్నాను. మైకు కీచుమంది. నా గొంతు దాన్ని మించింది.

ఆరోగ్య కార్డు పద్ధతి మారిందట. ఇదివరకు బియ్యం కార్డు చూపిస్తే నెల్లూరులో ఆపరేషను చేసేవాళ్ళు. ఇప్పుడు మధ్యలోకి ఇన్సూరెన్సు కంపెనీ వచ్చింది. ఇంట్లో ప్రతి మనిషీ సచివాలయం వాళ్ళ యంత్రం మీద వేలుపెట్టి, నేను నేనేనని ఒప్పించుకోవాలట. లేకపోతే కార్డులో పేరున్నా లేనట్టే. రేపటినుంచి మూడు రోజులు మా పాళెంలోనే శిబిరం.

లోకాంతంలో వచ్చే మృగం జనం కుడిచేతి మీద వేయించే ముద్ర. అది లేనివాడు కొనలేడు, అమ్మలేడు. ప్రకటన పదమూడో అధ్యాయం. నేను బైబిలు కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాను. రొయ్యల గుంటల దగ్గర కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టి బతికేవాణ్ణి. చేతులు తీగ చుడుతుంటే కళ్ళు పక్కనున్న వాక్యం మీద ఉంచి, ఇరవై ఏళ్ళు ఒక్కణ్ణే నేర్చుకున్నాను. నాకు తెలిసినంత ఈ పాళెంలో ఎవరికి తెలుసు?

అందరికంటే ముందు ఆమెన్ అన్నది ఎస్తేరమ్మ. శనివారం శనివారం మందిరం ఊడ్చి చాపలు పరిచేది ఆమే. మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. రొయ్యల షెడ్డులో తలలు తీస్తుంది. ఇవాళ పాట రెండో చరణంలో గుండెమీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయింది. ఆత్మభారం. వాక్యం అంత బలంగా తగిలింది.

ఫిబ్రవరి 4, బుధవారం

శిబిరం ఎత్తేశారు. మా మందిరం వాళ్ళు ఒక్కరు కూడా వేలు పెట్టలేదు. దేవునికి స్తోత్రం.

ఫిబ్రవరి 11, బుధవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పొద్దున షెడ్డులో ఎస్తేరమ్మ ఐసు తొట్టి పక్కన పడిపోయింది. ఆటోలో నేనూ మా ఆవిడ అబిగయీలూ నెల్లూరు తీసుకుపోయాం. దారంతా ఆమె ఊపిరి తీసుకోవడం వినలేకపోయాను. ఎండిపోయిన బోరుమీద మోటారు తిరుగుతున్నట్టుంది.

డాక్టరు ఉషారాణి గారు ఆమె ఛాతీమీద ఏదో చల్లటి జిగురు రాసి యంత్రం పెట్టారు. లోపల ఏముందమ్మా అని అడిగాను. చూస్తారా అని ఆమె తెర నావైపు తిప్పారు.

చూశాను. నలభై తొమ్మిదేళ్ళ వయసులో మొదటిసారి ఒక గుండెను చూశాను.

నల్లటి చీకట్లో తెల్లటి రేకులు రెండు. తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. ఎవరూ తట్టకుండా తెరుచుకుంటాయి, ఎవరూ చెప్పకుండా మూసుకుంటాయి. రోజుకు లక్షసార్లట. నేను చుట్టిన మోటారు రెండు పంటలు తిరిగితే రైతు నన్ను మెచ్చుకుంటాడు. ఇది ఎస్తేరమ్మ తల్లి కడుపులో ఉన్నప్పుడు మొదలై ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఆమె రొయ్యల తలలు తీస్తున్నప్పుడు, మొగుణ్ణి పూడ్చిపెట్టినప్పుడు, నా ప్రసంగానికి ఆమెన్ అన్నప్పుడు, ఇది చీకట్లో తన పని తాను చేసుకుంటూ ఉంది. దావీదు తన్ను తాను చూసుకుని భయపడ్డాడని కీర్తనలో ఎన్నిసార్లు చదివాను, ఎన్నిసార్లు అరిచాను. ఆ భయమేమిటో ఇవాళ తెలిసింది.

అప్పుడు డాక్టరమ్మ ఒక రేకు మీద వేలుపెట్టి, ఇది సరిగా తెరుచుకోవడం లేదు చూడండి అన్నారు. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి ఉంటుందట. రేకులు గట్టిపడిపోయాయి. ఆ వాల్వు తీసి వేరేది వెయ్యాలి. ఎంత త్వరగా అయితే అంత మంచిది, వారాలు కాదు, రోజులు అన్నారు.

కార్డుల డెస్కు దగ్గర గిరిబాబు అని నా ఈడువాడే కూర్చుని ఉన్నాడు. కార్డు నంబరు కొట్టి చూసి మొహం చిట్లించాడు.

"పేరుంది. వేలు పడలా. పడుంటే రూపాయి లేకుండా ఆపరేషను అయిపోతుంది. పడకపోతే రెండు లక్షల ఎనభై వేలు. మీ ఊళ్ళోనే క్యాంపు పెట్టినారు గదా, ఏమైంది?"

ఆ మూడు రోజులూ ఆమె ఊళ్ళో లేదండీ అన్నాను.

అబద్ధం కాదు. ఆమె ఉపవాస ప్రార్థనలో ఉంది. ప్రార్థనలో ఉన్నవాళ్ళు ఒక విధంగా ఈ లోకంలో లేనట్టే.

రేపే మీ ఊరి సచివాలయంలో వేలు పెట్టించుకుని రండి, మూడు నాలుగు రోజుల్లో అనుమతి తెప్పిస్తా అన్నాడు. తలూపి వచ్చేశాను. అప్పటిదాకా బిళ్ళలు వాడమని డాక్టరమ్మ ఇంటికి పంపించారు.

ఫిబ్రవరి 12, గురువారం

ప్రకటన పదమూడు నాలుగుసార్లు చదివాను. అక్షరం మారలేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

దారి దొరికింది. దేవుడు డబ్బు పంపిస్తే వేలు అక్కర్లేదు. ఎడారిలో ఆకలికి మన్నా కురిపించినవాడికి రెండు లక్షల ఎనభై వేలు ఒక లెక్కా? ఇది విశ్వాసపరీక్ష. ఇంటింటికీ తిరుగుతాను.

ఫిబ్రవరి 14, శనివారం

నలభై ఒక్క వెయ్యి వచ్చింది.

షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు వారం కూలి ఇచ్చారు. వాళ్ళలో ఎలిశబెతు చెవికమ్మలు తీసి ఇవ్వబోతే వద్దన్నాను. వలలు అల్లే మునెయ్య మా మందిరం గడప ఎప్పుడూ తొక్కలేదు, మూడువేలు తెచ్చి చేతిలో పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు. "దీనికి నాదగ్గర మాత్రం వేలిముద్ర అడగబాకు సామీ" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టే చేశాను.

ఇంటికి వచ్చి డబ్బు బల్లమీద పెట్టి, చూశావా దేవుని కార్యం అన్నాను. అబిగయీలు రొయ్యపొట్టు చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"నేను వేలు పెట్టినా" అంది.

ఏమిటన్నాను.

"క్యాంపు రెండోరోజు. నువ్వు గుంటల దగ్గరికి పోయినప్పుడు. బొటనవేలు పెట్టినా, పచ్చలైటు వచ్చింది, ఇంటికొచ్చి నీకు చేపలపులుసు చేసినా. ఆ పులుసు తిని బాగుందన్నావు నువ్వు."

నాకు చెప్పకుండానా అన్నాను.

"నీకు చెప్తే మైకు పెడతావు. నీ వేలు నువ్వు దాచుకో, ఎవురొద్దన్నారు. ఆ ఎస్తేరు వేలు నీది గాదు గదా."

చెరిగిన పొట్టు గాలికి వచ్చి నా బైబిలు మీద పడింది. దులుపుకుంటూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

వేలు పెట్టుకోండని ఇవాళ చెప్పేద్దామని నిలబడ్డాను. చెప్పలేదు. లూకా పది తీసి మంచి సమరయుని గురించి చెప్పాను. దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి సత్రంలో చేర్చి రెండు దేనారాలు ఇచ్చాడు. ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు నేనిస్తానని సత్రంవాడికి మాట ఇచ్చాడు. అక్కడికి వచ్చేసరికి ఆ వచనం రెండోసారి చదివాను. ముందే కొంత కట్టి, తక్కువ పడింది నాది అని పూచీపడటం. ఆ సత్రం వాడు పడి ఉన్నవాణ్ణి నువ్వెవరని అడిగి ఉండడా? పేరు రాసుకుని ఉండడా?

పది నిమిషాల్లో ముగించాను. ఆమెన్ ఎవరూ అనలేదు. అనే మనిషి మంచంలో ఉంది.

ఫిబ్రవరి 16, సోమవారం

రెండు మోటార్లు చుట్టాను. రెండూ తప్పుగా చుట్టాను. విప్పాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఎస్తేరమ్మ ఇంటికి పోయాను. గోడకు మూడు దిండ్లు వేసి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి అందడం లేదట. కాళ్ళు వాచిపోయాయి. నన్ను చూడగానే పైట సర్దుకుని లేవబోయింది. కూర్చో అమ్మా అని స్టూలు లాక్కున్నాను.

రేపు సచివాలయానికి పోదాం, వేలు పెడుదువుగాని అన్నాను. ఏదో మామూలు మాట చెప్పినట్టు చెప్పాను. పాలు తెమ్మన్నట్టు చెప్పాను.

ఆమె మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ అడిగింది.

"అన్నా, వాక్యం మారిందా? మీరు తప్పు చదివినారా? రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి. వాక్యం మారుంటే నేను రాను. నా గుండె కోసం దేవుడు మాట మార్చుకోనక్కర్లేదు."

ఇరవై ఏళ్ళలో నన్ను ఇంత పెద్ద ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమెకు చదువు రాదు. నేను గట్టిగా చదివితే విని నేర్చుకున్న మనిషి. నేను చెప్పినదాని కోసం చచ్చిపోవడానికి సిద్ధపడి, మూడు దిండ్లకు ఆనుకుని, కోపం లేకుండా అడుగుతోంది. నిజానికి నాకు భయం వేసింది. మృగం అంటే వేసిన భయం కాదు. ఆ విశ్వాసం ముందు నిలబడటానికి నేను తగనని వేసిన భయం.

ఆరోజు తెరమీద చూసిన రేకులు గుర్తొచ్చాయి. మూసుకుపోతున్నాయి, రోజుకు లక్షసార్లు. నేను ఆరు రోజులు తీసుకున్నాను.

"నేను తప్పు చదివినా ఎస్తేరమ్మా" అన్నాను.

ఆ మాట చాలా చిన్నది. నా నోట్లో ఎప్పుడూ లేదు.

ఆ అధ్యాయంలో ముద్ర వేయించుకునేవాళ్ళు మృగానికి మొక్కినవాళ్ళు అని చెప్పాను. ఎవరికి మొక్కుతావన్నదే అక్కడి ప్రశ్న, వేలు కాదు. ఇక్కడ నిన్నెవరూ మొక్కమనలేదు, నువ్వు ఎస్తేరమ్మవేనా అని అడుగుతున్నారు, అంతే. పైన ఒక్క వచనం, కింద ఒక్క వచనం చదవకుండా గొంతు పెంచాను.

ఆమె తలూపింది.

"సరే అయితే. రేపు ఎన్నింటికి?"

ఒక్క నిష్ఠూరం కూడా ఆడలేదు. ఆడి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 18, బుధవారం

సచివాలయంలో కామాక్షి అని ఉద్యోగి. మమ్మల్ని చూడగానే, ఏం అన్నా, మా మిషను మీద మైకులో కోప్పడినారంట అంది. తలొంచుకున్నాను.

ఎస్తేరమ్మ కుడిచేతి బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు. మళ్ళీ పెట్టింది. ఎర్రలైటు. తుడిచి పెట్టింది. సబ్బుతో కడిగి పెట్టింది. చూపుడువేలు, మధ్యవేలు, ఎడమచెయ్యి. పది వేళ్ళూ అయిపోయాయి.

కామాక్షి ఆమె చెయ్యి పట్టుకుని కిటికీ వెలుగులోకి తిప్పింది. నేనూ వంగి చూశాను.

ఆ వేళ్ళమీద గీతలు లేవు.

పదహారేళ్ళు ఐసు నీళ్ళలో రొయ్యల పెంకు ఒలిచి ఒలిచి చర్మం నున్నగా అయిపోయింది. అలలు అరగదీసిన గవ్వలాగా ఉంది. దేవుడు ప్రతి మనిషికీ వేరువేరుగా గీసి పంపిన గీతలు, ఈమె గంటకు ఇన్ని కిలోలని ఒలిచి ఇచ్చేసింది.

నేను ఏ ముద్ర గురించి మైకు పగిలేలా అరిచానో, ఆ ముద్ర వెయ్యడానికి ఆమెకు వేలే లేదు. నా సభలో ముందు వరుసలో పదహారేళ్ళు ఆ చేతులు జోడించి కూర్చుంది. ఒక్కసారి కూడా వాటిని నేను చూడలేదు. చేతుల గురించి ప్రసంగించాను, చేతులు చూడలేదు.

మా షెడ్డోళ్ళందరివీ ఇట్లనే ఉంటాయి మేడం అని ఎస్తేరమ్మే ఆమెకు సర్దిచెప్తోంది.

కంటితో చూసే మిషను ఉందట. ముత్తుకూరులో మండలాఫీసులో. రేపు తెప్పిస్తా, కాదు, ఈమెను చూస్తే రేపటిదాకా ఆగేట్టు లేదు, ఇప్పుడే ఆటో ఎక్కండి, నేను ఫోను చేసి చెప్తా అంది కామాక్షి. ఎక్కాం.

చిన్న నల్లపెట్టె. దాన్ని ఎస్తేరమ్మ ముఖానికి దగ్గరగా పట్టుకున్నారు. రెప్ప వెయ్యొద్దమ్మా అన్నారు. తెరమీద ఆమె కన్ను కనబడింది, నా అరచెయ్యంత.

నేను తీగ చుట్టేవాణ్ణి. నాకు తెలుసు చుట్టడమంటే ఏమిటో. నల్లటి నడిమధ్య చుట్టూ సన్నటి పోగులు, ఒకదాని పక్కన ఒకటి, ఒకటి కూడా ఇంకోదాని మీదికి ఎక్కకుండా. వెంట్రుకలో వందో వంతు. ఎక్కడా ముడి లేదు, అతుకు లేదు. ఎవరి చెయ్యి చుట్టింది ఆ తీగ? ఐసు తాకలేదు దాన్ని. పెంకు గీరలేదు. ఏడ్చిన ఏడుపులన్నీ దానిమీదుగానే పోయాయి, అయినా అరగలేదు. దేవుడు తన జనాన్ని తన కనుపాపలా కాపాడాడని ద్వితీయోపదేశకాండంలో ఉంటే, ఏదో ముద్దుమాటలే అనుకుంటూ వచ్చాను. ఆయన తను చేసిన పని తెలిసి రాయించిన మాట అది.

పచ్చలైటు వచ్చింది. తెరమీద పేరు పడింది. ఎస్తేరమ్మ నావైపు తిరిగి, నేను నేనేనంట అన్నా అని నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు చాలాసేపు ఆగలేదు.

అక్కణ్ణుంచే నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయాం.

ఫిబ్రవరి 20, శుక్రవారం

అనుమతి రాలేదు. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు వచ్చాయట. ఐసీయూ గాజు తలుపు వెనక పెట్టారు. వారం ముందు వచ్చి ఉంటే ఇది ఉండేది కాదు అని గిరిబాబు అన్నాడు. నావైపు చూడకుండానే అన్నాడు.

ఫిబ్రవరి 21, శనివారం

ప్రభువా.

ఫిబ్రవరి 22, ఆదివారం

మందిరానికి పోలేదు. గాజు తలుపు దగ్గరే ఉన్నాను. పెద్దవాడివి నువ్వే పాట పెట్టు, నువ్వే చదువు అని ఫోనులో ఒకాయనకు చెప్పాను. ఏ అధ్యాయం అన్నా అని అడిగాడు. నీకిష్టమైనది, కానీ పైవచనమూ కింది వచనమూ కలిపి చదువు అన్నాను.

ఫిబ్రవరి 23, సోమవారం

అనుమతి వచ్చింది. గిరిబాబు లేచి వచ్చి మరీ చెప్పాడు.

ఫిబ్రవరి 26, గురువారం

ఐదున్నర గంటలు. గుండెను ఆపారు. ఆపి, రక్తాన్ని బయట యంత్రంలో తిప్పి, వాల్వు మార్చి, మళ్ళీ నడిపించారు. డాక్టరమ్మ చెప్తుంటే నిలబడే విన్నాను.

బతికింది.

మార్చి 5, గురువారం

ఎస్తేరమ్మను మామూలు వార్డుకు మార్చారు. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. వార్డంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. అప్పుడు వినిపించింది.

టిక్. టిక్. టిక్.

గోడగడియారం కోసం వెతికాను. లేదు. ఎస్తేరమ్మ తన ఛాతీ చూపించింది. "నాదే అన్నా. గుండెలో పెట్టిన కొత్త తలుపు" అంది.

పక్క మంచం ఆమె కూడా లేచి కూర్చుని వింది. జనరేటరు వచ్చేదాకా ఆ చప్పుడే లెక్కపెట్టాం.

మార్చి 13, శుక్రవారం

ఇంటికి తెచ్చాం. ఆపరేషనుకు రూపాయి అడగలేదు. కార్డే కట్టింది. కానీ జడ్సనూ, రాసుకో, తప్పించుకోకు. పేరు ఖాయం కాకముందు చేసిన పరీక్షలకూ మందులకూ పద్దెనిమిదివేల ఆరువందలు చేతినుంచి పోయింది. లైటు ముందే పచ్చగా ఉండి ఉంటే అదీ కార్డులోనే పోయేదట. అది నీ ప్రసంగం ఖరీదు. కూలిజనం వారం కూలిలోంచి కట్టారు.

రక్తం పలచబడే బిళ్ళ ఆమె బతికినన్నాళ్ళూ వెయ్యాలి. నెలనెలా రక్తపరీక్ష. మొదటి ఏడాది కార్డు చూసుకుంటుందట, ఆ తర్వాత ఎలాగో గిరిబాబుకే తెలియదు. ఐసు షెడ్డుకు ఇక పోకూడదు. ఇంకేమైనా ఖర్చయితే అని సమరయుడు అన్నది దీన్నే. అది ఏ కంపెనీ కాగితంలోనూ లేదు. అది నామీద ఉంది. మిగిలిన ఇరవైరెండువేల నాలుగువందలూ ఆమె పేరున వేశాను. రోజుకొక మోటారు కూలి దానికి కలుపుతాను.

మార్చి 14, శనివారం

ఎస్తేరమ్మ ఊడవకూడదు కాబట్టి మందిరం నేనే ఊడ్చాను. చాపలు పరిచాను. ఆమె గడపలో స్టూలు వేసుకుని కూర్చుని, ఆ మూల అన్నా, ఆ మూల వదిలేసినారు అని చూపిస్తూ ఉంది. నేను తప్పు చదివినా అన్న మాట ఆమె ఎవరికీ చెప్పలేదని ఇవాళ తెలిసింది. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, అది మీరు చెప్పుకోవాల్సింది గదా అంది.

మార్చి 15, ఆదివారం, పొద్దున

ఇంకా పద్దెనిమిది కుటుంబాల పేర్లు కార్డులో ఉన్నాయి, లేనట్టే ఉన్నాయి. నామాట విన్నందుకు. వాళ్ళలో పన్నెండు ఇళ్ళ ఆడవాళ్ళు షెడ్డు పనివాళ్ళు, వాళ్ళ వేళ్ళకు గీతలుండవు. ఎవరి గుండెలో ఏ రేకు గట్టిపడుతోందో, ఎవరి కడుపులో ఏముందో నాకు తెలియదు. తెర నావైపు తిప్పి చూపించేవాళ్ళు అన్నిసార్లూ ఉండరు.

కామాక్షి సెలవురోజైనా వస్తానంది. వేలి మిషనూ, ముత్తుకూరు నుంచి కంటి మిషనూ రెండూ తెస్తుంది. ఒంటిగంటకు తిరిగి ఇచ్చెయ్యాలి. మందిరం గడపలోనే బల్ల వేస్తాను.

ఇవాళ ప్రసంగం లేదు. నేను తప్పు చదివాను అంటాను. మైకు లేకుండా. ఎస్తేరమ్మను లేచి నిలబడమంటాను, అందరినీ ఊపిరి బిగబట్టమంటాను, ఆ తలుపు చప్పుడు వినమంటాను. తర్వాత ఒక్కటే మాట: ఇళ్ళకు పోకండి. అన్నం చల్లారితే చల్లారనీ. రేపు అనకండి, నేను రేపు రేపు అని ఆరు రోజులు తీసుకున్నాను. లోపలికి వచ్చిన గడపలోంచే బయటికి పోతారు గదా, పోతూ పోతూ ఆ బల్ల దగ్గర ఆగండి. పిల్లల్నీ ముసలివాళ్ళనీ ఎత్తుకుని రండి. మీరు మీరేనని చెప్పండి.

గంట కొడుతున్నారు. అబిగయీలు వాకిట్లో నిలబడి, అందరికంటే ముందు ఎవురు పెడతారో చూస్తా అంటోంది.

లే జడ్సనూ. తీగ చుట్టీ చుట్టీ కాయలు కాసిన ఆ బొటనవేలు కడుక్కో. ఇవాళే. ఇప్పుడే. ముందు నువ్వు.